గొడుగుల కొండ మీద నెమ్మది

నమోదు 63

ఈ పొద్దున ఆట కళ్లజోడు తీశాక లింగవ్వ తల తుడుచుకోలేదు.

ఆ వాన ఆటలోంచి బయటికొచ్చిన వాళ్లందరూ తుడుచుకుంటారు. కొంగుతోనో, తువ్వాలుతోనో, ఏదీ లేకపోతే అరచేత్తోనో. తల తడిసి ఉండదు. భూమికి ఇంత లోతున, ఈ పాత బొగ్గుగనిలో, వాన పడే వీలే లేదు. అయినా చెయ్యి దానంతట అదే తలమీదికి పోతుంది. మూడో లెవెల్లోనే పుట్టి పెరిగిన నాకు వాన గురించి తెలిసిందంతా ఆ చేతుల వల్లే. లింగవ్వ మాత్రం రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కాసేపు అలాగే కూర్చుంది. తరువాత నా బల్ల దగ్గరికి వచ్చి, వంతు ఏమైనా తగ్గించారా అని అడిగింది.

లేదన్నాను. వంతు అంటే ఎప్పటిలాగే ఆటలో ఒక పగలు, పొద్దు పొడిచినప్పటి నుంచి కుంకే దాకా. ఎవరికైనా అంతే.

"మరి నేనింకా గుట్ట మీద నిమ్మలంగ కూసోకముందే చీకటైంది, బిడ్డా. మీ కొత్త మిషన్ల సూర్యునికి డ్యూటీ దిగే తొందరున్నదా?"

నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను. వయసు మీద పడి మీటల మీద వేళ్లు నెమ్మదించాయేమో అనుకున్నాను.

పని సంగతి: కొత్త యంత్రాలన్నిటి మీదా మా ఆట 'తొలకరి' సరిగా నడుస్తోంది. నిన్న సాయంత్రం చేసిన సవరణతో గొడుగుల కొండ దగ్గర కూడా తెర మీద సెకనుకు అరవై ఫ్రేములు, అంటే అరవై బొమ్మలు, వస్తున్నాయి. ఎక్కడా తగ్గడం లేదు. ఓదెలన్న సంతోషించి నా చేతిలో బెల్లం ముక్క పెట్టాడు.

నమోదు 64

పొద్దున గాలి గొట్టాల వడపోత గుడ్డలు ఉతికాను. మొదటి నీళ్లు సిరాలా ఉన్నాయి, చివరి నీళ్లు కూడా తెల్లగా లేవు. గుడ్డలు ఆరేసి వచ్చేసరికి పంపుల దగ్గర పనిచేసే ఇద్దరు గది ముందు నిలబడి ఉన్నారు. వాళ్లదీ లింగవ్వ మాటే. కొండ మీదికి పోతే పగలు చాలడం లేదు.

ఈ గదిలో పనిచేసేది ఇద్దరమే, ఓదెలన్న, ఆయన కింద నేను. మా పాత యంత్రాలు ఒక్కొక్కటే చచ్చిపోతూ వచ్చాయి. వాటిని నడిపే సిస్టమ్‌కు అనుమతులిచ్చే కంపెనీ, పైన ఎండలు ముదిరి జనం గనుల్లోకి దిగిన కాలంలోనే లేకుండా పోయింది. గనులను నడిపే బోర్డు పంపిన కొత్త పెట్టెలు లినక్స్ అనే సిస్టమ్ తప్ప మరొకటి తీసుకోవు. కాబట్టి ఆటను లినక్స్ మీదికి తేవాలి. ఆరు నెలలుగా నేను చేస్తున్నది అదే. మొదట్లో వాన నేల నుంచి పైకి కురిసింది. కొన్నాళ్లు బర్రెలకు కొమ్ములు లేవు. నాట్లు వేసే ఆడవాళ్లు నవ్వాల్సిన చోట కప్పలు అరిచాయి. వరుసలో కూర్చున్నవాళ్లు అది విని పడీ పడీ నవ్వి, దాన్ని అలాగే ఉంచమన్నారు. నేను ఉంచలేదు.

అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది కొండ. ఇక్కడ ఎవరైనా పోతే బోర్డు బండి వచ్చి పైకి, ఎండలోకి తీసుకుపోతుంది. వెంట వెళ్లడానికి వీలు లేదు. ఆ ఎండకు తట్టుకునే తొడుగులు బండివాళ్లకే ఉన్నాయి. అందుకని ఇంటివాళ్లు ఈ గదికి వచ్చి, ఆటలోకి వెళ్లి, పోయినవాళ్ల గొడుగును కొండ మీద తెరిచి నాటుతారు. ఆటలో ప్రతి మనిషికీ మొదటి రోజే ఒక గొడుగు ఇస్తారు. రంగు ఎవరికి వాళ్లే ఎంచుకుంటారు. అంచు మీద పేరు ఉంటుంది. నాకు ఊహ తెలిసేనాటికే కొండ సగం గొడుగులతో నిండి ఉంది.

ప్రతి గొడుగూ ప్రతి వానచుక్కనూ లెక్క చూసుకుంటుంది, నా మీద పడ్డావా లేదా అని. పడితే ఆ మేరకు ఊగుతుంది. ఇంత లెక్కకు పాత యంత్రాల్లో ఫ్రేములు తొమ్మిదికి పడిపోయేవి. లినక్స్ మీదికి తెచ్చాక రెండుకు పడి, ఆట ఆగిపోయేది. ఏ చోటా ముప్పైకి తగ్గకూడదని బోర్డు షరతు. తగ్గితే ఈ పెట్టెలు ఇంకో గనికి పోతాయి, మా లెవెల్‌కు ఆటే ఉండదు. అందుకే గొడుగులు చూసే మనిషికి దగ్గరలో పడే చుక్కలను మాత్రమే లెక్క చూసుకునేలా మార్చాను. కొండ అరవైకి వచ్చింది.

పగలు ఎందుకు చాలడం లేదో నాకు తెలియలేదు. ఆట లెక్కలో పగలు ఎప్పుడూ ఉన్నంతే ఉంది.

నమోదు 65

ఓదెలన్న మూలనున్న పాత యంత్రం మీది గుడ్డ తీశాడు. వాటిలో ఇంకా బతికున్నది అదొక్కటే. ఫ్యాన్ గొణుగుతోంది. నన్ను దాని ముందు కూర్చోమన్నాడు. కొండను ఎన్నిసార్లు పరీక్షించావని అడిగితే లెక్కలేనన్ని సార్లన్నాను. నడిచి ఎన్నిసార్లు పోయావని అడిగాడు. ఒక్కసారి కూడా పోలేదు. నా పరీక్షలో మనిషి ఉండదు. చూపు దానంతట అదే కొండ చుట్టూ తిరిగి వస్తుంది, నాకు అంకెలు ఇస్తుంది.

పొలాల గుండా మామూలుగానే నడిచాను. మొదటి వరుస గొడుగులు కనబడగానే కాళ్లు బరువెక్కాయి. వాన చుక్కలు చుక్కలుగా కనిపించడం మొదలైంది. ప్రతి చుక్కా ఆగి, కాస్త దిగి, మళ్లీ ఆగి పడుతోంది. గొడుగులన్నీ అలాగే ఊగుతున్నాయి. సూర్యుడు మబ్బు వెనక తెల్లటి మరకలా ఉన్నచోటే ఉన్నాడు. మొదటి వరుస దాటి పైకి పోలేదు, అక్కడే నిలబడిపోయాను. కళ్లజోడు తీసేసరికి ఓదెలన్న భోజనం చేసి, గిన్నె కడుక్కుని వచ్చి, నా వెనక బీడీ లేని చేతులు నలుపుకుంటూ కూర్చుని ఉన్నాడు. గనిలో నిప్పు వెలిగించకూడదు. ఆ అలవాటు చేతులకే మిగిలింది.

కారణం చిన్నది. ఆట రాసినవాళ్లు పొద్దును గడియారానికి ముడివేయలేదు, ఫ్రేములకు ముడివేశారు. ఒక్కో ఫ్రేముకు సూర్యుడు ఒక్కో ఇసుమంత కదులుతాడు. ఫ్రేములు తగ్గినచోట పొద్దు సాగుతుంది, అడుగు సాగుతుంది, వాన సాగుతుంది. పాతకాలపు ఆటల్లో మామూలుగా ఉండే బగ్గు ఇది, చదివాను కూడా. కొండ మీదికి పోయినవాళ్లకు ఒక పగలు ఏడింతలు సాగేది. ఇన్నేళ్లుగా మనవాళ్లు పోయినవాళ్ల దగ్గర కూర్చున్నది ఆ సాగిన పొద్దులోనే.

నేను దాన్ని బాగుచేశాను.

ఓదెలన్నకు చెప్పాను.

"కొండ మర్యాద అనుకున్నం మేం," అన్నాడు. "ఆడికి పోతే ఉరకరాదని. మా నాయిన గొడుగు కాడ కూసుంటే ఎప్పుడు లేచినా నిమ్మలంగ లేచినట్టే ఉండేది. బయట వరుసలున్నోళ్లు ఎన్నడన్న తొందరపెట్టిండ్రా? పెట్టలె. అందరికి ఒక్క గొడుగన్న ఉండె గద."

నమోదు 66

సూర్యుణ్ని ఫ్రేముల నుంచి విడదీసి గడియారానికి కట్టాను. మనిషి కొండ ఎక్కితే పొద్దు ఏడింతలు నెమ్మదిగా నడుస్తుంది, దిగితే మామూలవుతుంది. ఫ్రేములు అరవై దగ్గరే ఉన్నాయి. పంపుల దగ్గరివాళ్లు వెళ్లి వచ్చి సరిపోయిందన్నారు. వాళ్లలో చిన్నవాడు తల తుడుచుకున్నాడు. నేను ఆ చేతినే చూస్తూ కూర్చున్నాను.

బోర్డు నుంచి తనిఖీ వచ్చే వారమే.

నమోదు 68

లింగవ్వ వంతు. నిండు పగలు కూర్చుంది. లేచింది. తల తుడుచుకోలేదు.

పొద్దు చాలిందా అని నేనే అడిగాను. చాలింది, ఇంకా మిగిలింది కూడా అంది. ఆమే నా పక్కన స్టూలు మీద కూర్చుని, తనంతట తానే చెప్పింది. కూతురు పోయి ఏడాది దాటింది. బొగ్గు దగ్గు. చివరి నెల ఊపిరి తీసుకోవడం ఎట్లా ఉండేదంటే, సగం లోపలికి పోయి ఆగేది, మళ్లీ కాస్త పోయి ఆగేది. ఈసారి ఆగితే ఇంక కదలదేమో అని చూస్తూ ఉంటే మళ్లీ కదిలేది. గొడుగు నాటిన రోజు అదీ అట్లాగే ఊగింది. ఆగి, కాస్త ఊగి, ఆగి. లింగవ్వ ఇన్నాళ్లూ ఆ గొడుగును ఊరికే చూడటానికి వెళ్లలేదు. దాని కింద కూర్చుని, ఊపిరి ఆగినప్పుడల్లా మళ్లీ వచ్చేదాకా చూసుకోవడానికి వెళ్లింది.

"ఎట్ల తీసేదో నీకు ఎరుకే గద," అంది. "ఇప్పుడు మంచిగనే ఊగుతాంది. ఊయల ఊగినట్టు. కనీ ఎవలదో ఊగినట్టున్నది."

నేను తల ఊపాను. ఆమె లేచి, వెళ్తూ వెళ్తూ నా బల్ల మీది నీళ్ల గ్లాసు అంచు నుంచి లోపలికి జరిపింది.

నమోదు 69

ఊపును కావాలని తడబడేలా రాశాను. కొండ మొత్తానికి కాదు, ఒక్క గొడుగుకు. కాస్త ఊగాలి, ఆగాలి, మళ్లీ ఊగాలి. ఎక్కడ ఎంతసేపు ఆగాలో యంత్రమే పాచికలు వేసినట్టు తేల్చుకుంటుంది. చూడటానికి పాతదానిలాగే ఉంది. లింగవ్వకు కబురు పెట్టాను.

కొండ ఎక్కి కొంచెంసేపు కూడా ఉండలేదు. కళ్లజోడు తీసి నా వైపు తిరిగింది. ముఖంలో కోపం లేదు.

"నువ్వే ఊపుతున్నవ్ గద, బిడ్డా," అంది.

అవునన్నాను.

ఆమె వెళ్లిపోయాక ఆ ముక్క తీసేశాను. ఎందుకు తేడా తెలిసిందో సాయంత్రానికి అర్థమైంది. పాత యంత్రంలో ఆ గొడుగు ఆగింది తన వల్ల కాదు. కొండ మీది గొడుగులన్నీ తమ తమ చుక్కల లెక్క చెప్పుకునే దాకా అది ఆగాల్సి వచ్చేది. గాలి మళ్లినప్పుడు ఒకలాగా, వాన పెరిగినప్పుడు ఒకలాగా ఆగేది. మూడో లెవెల్లో ఎవరు పోయినా కొండ ఇంకొక్క రవ్వ నెమ్మదయ్యేది. ఒక్కో మనిషి పోతూ పోతూ మిగిలినవాళ్లకు ఇంత పొద్దు ఇచ్చి పోయినట్టు. ఆ ఆగడం పాచికలతో రాదు.

పాత లెక్కనే కొత్త పెట్టెల మీద మళ్లీ పెట్టి చూశాను. రెండు ఫ్రేములు, తరువాత నల్లటి తెర. లినక్స్ మీద పాత ఆట మాటలను ఒక పొర మధ్యలో ఉండి తర్జుమా చేస్తుంది. అన్ని గొడుగులు ఒకేసారి మాట్లాడితే ఆ పొర తట్టుకోలేదు. దాన్ని రాసినవాళ్లు ఇలాంటి కొండ ఒకటి ఉంటుందని అనుకొని ఉండరు.

నమోదు 70

మూలనున్న పాత యంత్రాన్ని గొడుగుల కోసమే ఉంచుదామని ఓదెలన్నను అడిగాను. ఆయన దాని ఫ్యాన్ ఊడదీసి, తుడిచి, ఎక్కడో దాచిన రెండు నూనె చుక్కలు వేశాడు. ఎన్నాళ్లుంటుందో చెప్పలేనని, ఉన్నన్నాళ్లు ఉంటుందని అన్నాడు. ఎవరికీ చెప్పొద్దని అనుకున్నాం. గంటలో బయట వరుస పెరిగింది.

వరుసలో ముందున్నది లింగవ్వ. ఆమె వెనక పంపుల దగ్గరి చిన్నవాడు, ఐలయ్య. అతని భార్యను బండి తీసుకుపోయింది మొన్ననే. గొడుగు కొత్త పెట్టె మీదనే నాటాడు గానీ, పాతదాని మీద ఒక్కసారి చూసుకోవాలని వచ్చాడు. లింగవ్వ లేచి అతన్ని తన చోట్లోకి రమ్మంది. అతను వద్దన్నాడు.

"నాది ఏడాది పాతది," అందామె. "నీది ఇంక పచ్చిగున్నది. పో."

అతను కళ్లజోడు పెట్టుకుని ఆటలోకి వెళ్లాడు. మేం వెనక నిలబడి తెర చూస్తున్నాం. కొండ మొదట్లోకి వచ్చాడు, నెమ్మదించాడు. గొడుగుల మధ్య అతని అడుగు ఎత్తి ఎత్తి పడుతోంది. చుక్కలు చుక్కలుగా వాన. భార్య గొడుగు దగ్గరికి చేరి కూర్చున్నాడు. ఫ్యాన్ గొణుగుడు కాస్త పెద్దదైంది, తరువాత సన్నగా అయింది, తరువాత వినిపించలేదు. కాలిన వాసన వచ్చింది. ఓదెలన్న చెయ్యి తీగ మీదికి పోయేలోపే తెర ఆరిపోయింది.

ఐలయ్య కళ్లజోడు తీయకుండా చాలాసేపు కూర్చున్నాడు. ఇంకా కనిపిస్తోందేమో అనుకున్నాం. కనిపించడం లేదని తెలిశాక కూడా ఎవరమూ లేపలేదు.

లింగవ్వ అతని భుజం మీద చెయ్యి వేసి బయటికి తీసుకుపోయింది. మా ఇద్దరి వైపు చూడలేదు.

నమోదు 71

ఓదెలన్న పాత యంత్రాన్ని విప్పి చూశాడు. ఫ్యానే కాదు, లోపలి సర్క్యూట్ పలక కూడా నల్లబడింది. పనికొచ్చే మరలు మాత్రం డబ్బాలో వేసుకున్నాడు. నేను గుడ్డలు ఉతికాను.

నమోదు 74

తనిఖీకి బోర్డు నుంచి ప్రభంజన్ సార్ వచ్చారు. మర్యాదస్తుడు. పెట్టెలన్నీ ఒక్కొక్కటే చూశారు, ఆటలో పొలాలు, ఏరు, బడి, అన్నీ తిరిగారు. కొండ దగ్గర ఆగి, ఇన్ని గొడుగులెందుకని, తీసేస్తే పెట్టెల మీద ఇంకా బరువు తగ్గుతుంది కదా అని అడిగారు. తీసేది లేదని ఓదెలన్న ఒక్క ముక్కలో చెప్పాడు. ఆయన మళ్లీ అడగలేదు.

"ఎక్కడా ముప్పైకి తగ్గలేదు. నేను చూసిన వాటిలో ఇంత శుభ్రంగా మార్చిన ఆట ఇంకోటి లేదు," అన్నారు నాతో. నేను నేల చూశాను. ఆయన సిగ్గు అనుకున్నారు.

పెట్టెలు మావే అయ్యాయి. సాయంత్రం లెవెల్ అంతా వచ్చి చూసి వెళ్లారు. చిన్నపిల్లలు ఆటలో ఏరు దాకా పందెం వేసుకుని ఉరికారు. పాతవాటిలో అంత వేగంగా ఎవరూ ఉరకలేదు. తల్లులు చూసి నవ్వారు.

నమోదు 79

లింగవ్వ వంతు. కొండ వైపు పోలేదు. పొలం గట్టు మీద కాసేపు నడిచింది, నాట్లు వేసేవాళ్ల దగ్గర నిలబడింది, పొద్దు ఇంకా చాలా ఉండగానే బయటికి వచ్చింది. ఆ ఆడవాళ్ల నవ్వు బాగుంది కానీ కప్పలే నయమంది.

తరువాత నా చేతిలో కళ్లజోడు పెట్టింది.

"మిగిలిన పొద్దు నువ్వు వాడుకో. నువ్వు ఎన్నడు ఎక్కలె గద ఆడికి."

పని ఉందన్నాను. ఆమె వినలేదు. స్టూలు లాక్కుని నా బల్ల దగ్గర కూర్చుని, ఎవరైనా వస్తే తాను చెబుతానంది.

వెళ్లాను. మొదటి వరుస దాటాను. కాళ్లు బరువెక్కలేదు. కొండ మీద నేను పెట్టిన నెమ్మది పొద్దు ఒక్కటే నెమ్మదిగా ఉంది, మిగతావన్నీ వాటి వేగంలో అవి నడుస్తున్నాయి. ఎక్కడికి పోవాలో తెలుసు. పైనుంచి మూడో వరుస, ఎడమ వైపు, వంకాయ రంగు గొడుగు. దాని కిందికి చేరగానే వాన చప్పుడు మారింది. గుడ్డ మీద పడే చప్పుడు అది. దగ్గరలోని చుక్కలనే లెక్క చూసుకుంటూ, గొడుగు సాఫీగా ఊగింది. నేను రాసినట్టే ఊగింది. ఎక్కడైనా ఒక్కసారి ఆగుతుందేమో అని సూర్యుడు కుంకే దాకా చూశాను. ఆగలేదు.

అంచు మీద తెల్ల దారంతో కుట్టినట్టు స్వరూప అని ఉంది. మా లెవెల్లో సిస్టర్లు నడిపే బడిలో నాలుగో తరగతి నుంచి చివరి దాకా నా పక్కన కూర్చున్నది లింగవ్వ కూతురు స్వరూప.